ప్రేగులలోని మిత్రులు

సూక్ష్మజీవులన్నియు శత్రువులు కావు. మన ప్రేగులలోని లాక్టోబాసిల్లస్ జాతులు ఆమ్లమును పుట్టించియు, చోటును ఆహారమును తామే ఆక్రమించియు, మందులకు లొంగని రోగక్రిములను సైతము కొంతవరకు అణచగలవు.

ఒడిషా గ్రామములలో 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడినది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి ఆహారమగు ఒక చక్కెరను ఏడు దినములు ఇచ్చిరి. ఇవ్వని శిశువులలో నూటికి 9 మంది సెప్సిస్‌కో మరణమునకో గురికాగా, ఇచ్చినవారిలో 5.4 మందియే గురియైరి. రోగమే రానిచో యాంటీబయాటిక్ అవసరమేమి?

అయినను ఇంటి పెరుగు ఆ ఔషధమునకు బదులు కాదు. పసికందునకు తల్లిపాలే శ్రేష్ఠము. మన ప్రథమ కర్తవ్యము ఉన్న మిత్రులను కాపాడుకొనుటయే. జలుబునకు మ్రింగిన యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. మిత్రులను చంపి మొండి క్రిములకు చోటిచ్చును. కావున వైద్యుడు వ్రాయనిదే దానిని కొనకుడు.