సలేశ్వరం దారి ఎవరిది?

చైత్ర పౌర్ణమి దగ్గరపడితే చాలు, మా ఉప్పునుంతల నుంచి అచ్చంపేట దాకా ప్రతి టీకొట్టు దగ్గరా ఒకటే ముచ్చట: సలేశ్వరం పోతున్నాం. పేపర్లు దాన్ని 'తెలంగాణ అమరనాథ్' అంటాయి, కుర్రాళ్లు ట్రెక్కింగ్ అంటారు. పోయి రండి, కాదనను. ఆ నడక కష్టమే. ఫరహాబాద్ దాటి అడవిలో బండి ఆగిన చోటి నుంచి రాళ్లగుట్టలు ఎక్కి దిగి, చివరికి లోయ అంచున ఇరుకు దారిలో కొండను పట్టుకుని దిగాలి. అడుగున జలపాతం, గుండం, గుహలో లింగమయ్య. ఆయన పూజారి చెంచు.

నా పేచీ 'ఎవరూ చూడని అడవి' అనే మాటతో. ఎవరూ చూడలేదా? మీకు ఉత్త చెట్టుగా కనబడేది మావాళ్లకు తపసి. దాని జిగురు అమ్మితే ఇంటికి బియ్యం వస్తాయి. ఆ ఎండల్లోనే ఇప్పపువ్వు రాలుతుంది. దానికోసం ఎలుగుబంటీ వస్తుంది, మనిషీ పోతాడు. ఎవరి వేళ ఏదో ఇద్దరికీ తెలుసు. సారపండు, తునికిపండు, కొమ్మల మీద బెట్లుడుత, నీటిమడుగు దగ్గర కణితి అడుగులు, వీటన్నిటికీ పెంటలో పేర్లున్నాయి. మీరు ఫోటోలు తీసుకునే అలాంటి నిలువు చరియల్లోకే మావాళ్లు తేనె కోసం తాడు కట్టుకుని దిగుతారు. పైన తాడు పట్టేది బావమరిది. అక్క పసుపుకుంకాలు పోవాలని ఏ తమ్ముడు కోరుకుంటాడు! సాహసమంటే అది.

పెంట నుంచి వచ్చిన పిల్ల ఆకు చూసి చెట్టు పేరు చెబుతుంది. మా బడి పరీక్షలో దానికి ఒక్క మార్కూ లేదు. టీచరుగా నాకది సిగ్గు.

అసలు సంగతికొస్తాను. జాతరకొచ్చి నీళ్ల సీసాలు పారేసి పోయేవాడు భక్తుడు. ఏడాదంతా అక్కడే బతికేవాడు మాత్రం పులికి అడ్డం! ఈ అడవిని టైగర్ ప్రాజెక్టులో చేర్చింది 1983లో. అప్పటిదాకా ఆ పులుల పక్కన బతికిందెవరు? ఇప్పుడు కుటుంబానికి 15 లక్షలు, లేదంటే భూమి, ఖాళీ చేయమంటున్నారు. అదే అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. డ్రిల్లింగ్ మిషన్లకు పులి బెదరదు కాబోలు! జనం తిరగబడ్డాకే, ఆ సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

2006 అటవీ హక్కుల చట్టం ఏం చెబుతోంది? ముందు హక్కులు తేల్చాలి, తర్వాత గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అప్పుడే తరలింపు. ఇంటింటికీ తిరిగి ఒక్కొక్కరి వేలిముద్ర తీసుకోవడం గ్రామసభ కాదు. ఈసారి సలేశ్వరం పోయేవాళ్లు దారిలో పెంట దగ్గర కాసేపు ఆగండి. నీళ్లు తాగి, మీ హక్కు పత్రం చేతికొచ్చిందా అని అడగండి.