వానకు పాలమూరు, చలికి నల్లగొండ

యూకేలో ఉన్న ఫ్రెండ్ ఎవరో ఒకరు ఇలాంటి రీల్ పెట్టే ఉంటారు. సన్నటి రోడ్డు, రెండు పక్కలా పచ్చటి కంచె, గుట్ట మీంచి జర్రున దిగితే రాతి ఇళ్ల చిన్న ఊరు. కింద కామెంట్లలో మనోళ్ల నిట్టూర్పు: "మన దగ్గర ఇలాంటి రోడ్లు ఎక్కడ బ్రో!"

ఉన్నాయి బ్రో. కాకపోతే మ్యాప్‌లో 'ఫాస్టెస్ట్ రూట్' కొట్టినన్ని రోజులు అవి కనిపించవు. 44వ నంబర్ హైవే మీంచి చూస్తే పాలమూరు అంటే టోల్‌గేట్లు, దాబాలు. 65వ నంబర్ హైవే మీంచి చూస్తే నల్లగొండ అంటే విజయవాడ పోయేటప్పుడు నిద్రపోయే చోటు. హైవే దిగి ఊళ్ల మధ్య రోడ్డెక్కితేనే అసలు కథ మొదలవుతుంది.

"ఏ రూట్ బాగుంటుంది?" అని నన్ను చాలామంది అడుగుతారు. నేను మాత్రం "ఏ నెలలో?" అని ఎదురు అడుగుతాను. ఎందుకంటే ఇక్కడ మిమ్మల్ని అలసగొట్టేది ఎత్తు ఒక్కటే కాదు. గాలి, నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి.

ముందు గాలి సంగతి

హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. నల్లగొండ టౌన్ దానికంటే సుమారు 100 మీటర్లు కింద, తూర్పు వైపు ఉంటుంది. అంటే పోయేటప్పుడు మొత్తం మీద దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి పడమర, నైరుతి దిక్కు నుంచి కొడుతుంది. ఆ నెలల్లో నల్లగొండ దిక్కుకు పోతే పొద్దున హీరోలా ఎగిరిపోతారు. మధ్యాహ్నం ఎండ, ఎక్కుడు, ఎదురుగాలి మూడూ కలిసి లెక్క సరిచేస్తాయి.

చలికాలంలో ఇదంతా తిరగబడుతుంది. గాలి నెమ్మదిస్తుంది, ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. కాళ్లు అలిసిపోయిన టైమ్‌లో అదే వెనక నుంచి తోస్తుంది. అందుకే నా లెక్క సింపుల్: వానాకాలంలో నైరుతి దిక్కున ఉన్న పాలమూరు, చలికాలంలో తూర్పున ఉన్న నల్లగొండ. కొత్త కాళ్లతో గాలికి ఎదురెళ్లాలి, అలిసిన కాళ్లతో గాలితో కలిసి రావాలి.

చెరువు చెప్పే గ్రేడియెంట్

ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ అనే గుట్టల ప్రాంతం ఉంది. అక్కడి విన్నట్స్ పాస్ రోడ్డు కొన్ని చోట్ల 20 శాతం దాకా లేస్తుంది. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 20 మీటర్లు పైకి. మన ఊళ్ల రోడ్ల మీద అలాంటి గోడలు అరుదు. కానీ చిన్న చిన్న ఎక్కుళ్లు వస్తూనే ఉంటాయి. ఒక్కోటి 30 మీటర్లే అనుకోండి, 20 ఎక్కితే 600 మీటర్లు. యాప్‌లో నున్నగా కనిపించే రోడ్డు సాయంత్రానికి తొడలు ఎందుకు పట్టేయిస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

ఈ ఎత్తుపల్లాలను ముందే పసిగట్టే పద్ధతి ఒకటుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. నేల వాలును చూసే మన పెద్దలు కట్టలు పోశారు. రోడ్డు దిగుతూ దూరంగా తాటిచెట్ల వరస, పచ్చటి వరి కనిపించిందంటే ముందు కట్టో, వాగో ఉన్నట్టు. అది దాటగానే మళ్లీ ఎక్కుడే. గేరు అక్కడే తగ్గించుకోండి, సగం ఎక్కాక కాదు.

చలికాలం రూట్: పోచంపల్లి, రాచకొండ

హైదరాబాద్ తూర్పు అంచు నుంచి భూదాన్ పోచంపల్లి, అక్కడి నుంచి చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం, రాచకొండ గుట్టలు, మంచాల, ఇబ్రహీంపట్నం మీదుగా వెనక్కి. మొత్తం 100 కిలోమీటర్లు దాటుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారగానే బయల్దేరితే మజా వేరు.

పోచంపల్లిలో ఇక్కత్ చీరలు చూసి వచ్చేయకండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చారు. దళితులు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. దానికి సరిగ్గా ఒక్క రోజు ముందు, ఏప్రిల్ 17న, ఇందాక చెప్పిన పీక్ డిస్ట్రిక్ట్‌ను బ్రిటన్ తన మొదటి నేషనల్ పార్కుగా ప్రకటించింది. అది కూడా ఉత్తగా రాలేదు. 1932లో వందల మంది అక్కడి కిండర్ స్కౌట్ గుట్ట మీదికి భూస్వాముల అనుమతి లేకుండా నడిచి వెళ్లారు. ఐదుగురు జైలుకు పోయారు. రీల్స్‌లో మీరు చూసే ఆ అందమైన గుట్టల వెనక కూడా 'ఈ నేల ఎవరిది?' అనే కొట్లాట ఉంది. మన నల్లగొండకు ఆ ప్రశ్న కొత్త కాదు.

రాచకొండ 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. రాళ్ల మీద రాళ్లు పేర్చినట్టుండే గుట్టలు, వాటి మధ్య కోట గోడలు. ఈ రూట్‌లో అసలైన ఎక్కుడు ఇదే. తూర్పు గాలి వెనక నుంచి వస్తుంది కాబట్టి కొంచెం సాయం దొరుకుతుంది.

ఆ దారిలో చాయ్ తాగుతుంటే ఒక తాత నా సైకిల్‌ను కింది నుంచి పైదాకా చూసి అడిగాడు: "ఏం బిడ్డా, బండి ఖరాబైందా?"

"లేదు తాతా, ఊరికే తొక్కుతున్న."

"ఊరికే ఎవరన్న తొక్కుతరా?"

ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. ఈ ఊళ్లలో సైకిల్ అంటే పాల క్యాన్లు, కల్లు కుండలు, బడికి పోయే పిల్లలు. సరదా కోసం తొక్కడం మనకు దొరికిన అదృష్టం. ఆ సంగతి మర్చిపోకుంటే ఊళ్లో ఎట్లా మెలగాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

నీళ్లు: మనకు ఒక పూట, వాళ్లకు ఒక జీవితం

నారాయణపురం నుంచి దక్షిణానికి పోతే మునుగోడు, మర్రిగూడ వస్తాయి. ఫ్లోరైడ్ పేరు విన్న ప్రతిసారీ మనకు గుర్తొచ్చే ప్రాంతం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి బోర్లలో చాలాచోట్ల అంతకంటే ఎక్కువే. ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. ఒక జిల్లాకు ఇలాంటి పేరు రావడం గర్వమా, బాధా అంటే నా దగ్గర జవాబు లేదు.

ఒక బాటిల్ బోరు నీళ్లు తాగితే రైడర్‌కు ఏమీ కాదు. భయపడక్కర్లేదు. కానీ మీ బాటిల్ నింపమని అడిగినప్పుడు ఆ ఇంటివాళ్లు ముందు 'ఇవి నల్లా నీళ్లే, మంచివే' అని ఎందుకు చెబుతారో మీకు తెలిసి ఉండాలి. తీసుకున్నన్ని తాగండి. చేతులు, హెల్మెట్ కడగడానికి వాడకండి.

వానాకాలం రూట్: కోయిల్‌కొండ, కోయిల్‌సాగర్

దీనికి మహబూబ్‌నగర్ టౌన్ నుంచి మొదలుపెట్టండి. ఊరికి 4 కిలోమీటర్ల దూరంలో పిల్లలమర్రి. ఊడలు దిగి మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి. చెదలు పట్టినప్పుడు 2018లో దానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. అక్కడి నుంచి పడమరగా కోయిల్‌కొండ కోట, తర్వాత కోయిల్‌సాగర్ ప్రాజెక్టు, దేవరకద్ర, మన్యంకొండ మీదుగా తిరిగి టౌన్. పొద్దున ఎదురుగాలి, దేవరకద్ర నుంచి వెనక గాలి. వానలు ముగిసే నాటికి రోడ్డు పక్కన సీతాఫలాలు దొరుకుతాయి. దేశమంతా పెంచే 'బాలానగర్' రకానికి ఆ పేరు వచ్చింది ఈ జిల్లా ఊరి నుంచే.

ఆ కట్ట మీద నిలబడినప్పుడు ఒక్క మాట తలుచుకోండి. దేశంలో ఎన్నో డ్యాములు, కాల్వలు, రోడ్లు పాలమూరు కూలీల చేతుల మీదుగా లేచాయి. మనం సరదాగా వచ్చే ఈ రోడ్ల మీదే వాళ్లు మూటలు కట్టుకుని వలస పోయారు.

అమ్రాబాద్ అడవి మీదుగా శ్రీశైలం పోవాలని ఉందా? కొత్తవాళ్లు ఆగండి. అది టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు. పగటి వెలుతురులోనే దాటగలమన్న నమ్మకం వచ్చాకే, గుంపుగా వెళ్లాలి.

చివరగా మూడు మాటలు. కోతల టైమ్‌లో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. వడ్ల మీంచి తొక్కకండి, అది ఒక కుటుంబం ఆరు నెలల కష్టం. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు కాబట్టి పొద్దు గుంకక ముందే హైవే చేరండి. కుక్క వెంటపడితే స్పీడ్ పెంచకండి, దిగి సైకిల్‌ను మధ్యలో పెట్టి నడవండి.

ఈ ఆదివారం బయల్దేరే ముందు వెదర్ యాప్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి మూసేయకండి. కింద గాలి బాణం గుర్తు ఉంటుంది, ఎటు నుంచి వస్తోందో చూడండి. నల్లగొండా, పాలమూరా అన్నది అదే చెబుతుంది.