ఇంట్లో కథల పుస్తకం ఉండకూడదా?

నవలలు చదివితే పిల్లలు చెడిపోతారన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. మేమూ చాలా ఏళ్లు ఆ మాటే అన్నాం. ఆమధ్య పదో తరగతి అమ్మాయి ఒకతె సాంఘికశాస్త్రం పుస్తకంలో కథల పుస్తకం దాచుకుని చదువుతుంటే లాక్కున్నాం. నలుగురిలో మందలించాం కూడా. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత, అందులో ఏముందో చూద్దామని తెరిచాం. అది మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన 'దర్గామిట్ట కతలు'. నెల్లూరు సీమలో మనలాంటి వాళ్ల ఇళ్లు, వాళ్ల మాట, లేమి, వేళాకోళం అన్నీ అందులో ఉన్నాయి. చెడిపోవడానికి ఏమీ కనబడలేదు. మన అమ్మీలు, నానీలు మాత్రం కనబడ్డారు. మరునాడు పుస్తకం తిరిగి ఇచ్చాం. కానీ తప్పు మాదేనని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ఆ సిగ్గుతోనే ఇంట్లో ఉన్న ఉర్దూ పుస్తకాలు కొన్ని మళ్లీ తిరగేశాం.

మొదట డిప్యూటీ నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్'. 1869లో వెలువడిన ఈ నవలను ఆయన తన కుమార్తెల కోసమే రాశారు. అంటే నవలను మన ఇళ్లలోకి తెచ్చినవాడు ఒక తండ్రే! ఇందులో అక్బరీ, అస్గరీ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్బరీ ఒక దొంగ హజ్జన్‌ను నమ్మి నగలు పోగొట్టుకుంటుంది. అస్గరీ ఇల్లు చక్కదిద్ది, వాడలోని ఆడపిల్లలకు చదువు చెబుతుంది. చిన్నప్పుడు అస్గరీ అంటే మాకు ఎంతో గౌరవం. ఇప్పుడు చదివితే అక్బరీ మీద జాలి కలిగింది. ఆమెకు ఓపికగా నేర్పినవారు ఎవరు? అస్గరీ ఏ తప్పూ చేయదు. ఏ తప్పూ చేయని మనిషిని చూసి నేర్చుకోవడం కష్టం.

తర్వాత ఇస్మత్ చుగ్తాయ్ ఆత్మకథ 'కాగజీ హై పైరహన్'. ఆమె అభిప్రాయాలు అన్నిటితో మేము ఏకీభవించం. కానీ చదువు కోసం తండ్రితో పట్టుబట్టి అలీగఢ్ వెళ్లిన ఆ పిల్ల మొండితనం చదువుతుంటే, మా తరగతిలోని అమ్మాయే కళ్లముందు మెదిలింది.

మమ్మల్ని ఎక్కువగా కదిలించినది మౌలానా ఆజాద్ 'గుబారె ఖాతిర్'. 1942 ఆగస్టులో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో ఉండగా రాసిన ఉత్తరాలివి. వీటిని మౌలానా హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీని ఉద్దేశించి రాశారు. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన పెద్దమనిషి ఆయనే. ఉత్తరాలు మాత్రం అప్పుడు ఆయనకు చేరలేదు, 1946లో పుస్తకంగా వచ్చాయి. తెల్లవారుజామున తాగే టీ గురించి, గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించి సరదాగా రాసిన మౌలానా, 1943లో భార్య జులేఖా బేగం కలకత్తాలో కన్నుమూసినప్పుడు మాత్రం మరోలా మాట్లాడతారు. ఆమె జబ్బు కబురు వచ్చినా ఆయన ప్రభుత్వాన్ని ఏమీ అడగలేదు. రోజువారీ పనుల్లో తేడా రానివ్వలేదు. అయితే పైకి కనిపించిన ఆ నిబ్బరం తన అహంకారం ఆడిన నాటకమని ఆయనే రాసుకున్నారు. అంతటి ఆలిమ్, అంతటి నాయకుడు ఈ మాట ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

మంచి నవల, మంచి ఆత్మకథ చేసే మేలు ఇదేనని మాకు అనిపిస్తోంది. ఉపదేశం ఎదుటివాడి తప్పు చూపిస్తుంది. ఇలాంటి పుస్తకం మన తప్పు మనకు చూపిస్తుంది. అన్ని పుస్తకాలూ పిల్లలకు తగినవి కావు, నిజమే. అందుకే పెద్దలు ముందు చదవాలి. చదవకుండా లాక్కోవడం మాత్రం పెంపకం కాదు.

మరో సంగతి. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ లిపి రాదు. నజీర్ అహ్మద్, మౌలానా ఆజాద్ మన బీరువాలోనే ఉన్నా వాళ్లకు అందరు. ఉర్దూ తెలిసిన పెద్దలు రాత్రి భోజనాల తర్వాత ఓ అరగంట చదివి, తెలుగులో చెబితే ఆ తాళం తెరుచుకుంటుంది. పిల్లలు కూడా తమ తెలుగు పుస్తకాలు మనకు చదివి వినిపించవచ్చు.

దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ (అలై) గాథ ఒక పూర్తి అధ్యాయంగా ఉన్న సంగతి మనకు తెలుసు. తమ్ముణ్ణి బావిలో పడేసిన అన్నలు చివరికి తప్పు ఒప్పుకుంటారు, యూసుఫ్ (అలై) క్షమిస్తారు. ఏళ్లుగా ఆ పాఠం చెబుతూ వచ్చిన మేము, మొన్న అదే తరగతిలో, అదే నలుగురి ముందు, ఆ అమ్మాయితో "తప్పు మాదేనమ్మా" అన్నాం. ఆ పిల్ల తల వంచుకుని నవ్వి, "ఇంకో పుస్తకం ఉంది, చదువుతారా సార్?" అని అడిగింది.

చదువుతున్నాం. తప్పు తెలిసినప్పుడు ఒప్పుకునే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.