కెమెరాకు కేతేపల్లి తెలుసా?

కేతేపల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన ఓ పావుగంట నిలబడి చూడండి. పత్తి బస్తాలతో డీసీఎం వెళ్తుంది. దాని వెనకాల, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు కూర్చున్న ఆటో. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే పాల క్యాన్ల బైకు. వరి కోతలప్పుడైతే రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, అటుగా బండ్లు రాకుండా రాళ్లు పెట్టి ఉంటారు. ఇందులో మీకు వింతేం లేదు. ఆ రాళ్లు ఎందుకున్నాయో, ఆటో ఎక్కడ టక్కున ఆగుతుందో, తలకు తువ్వాల చుట్టుకుని డివైడర్ దగ్గర నిలబడ్డ పెద్దమ్మ ఇప్పుడు దాటుతుందో, ఆగుతుందో చూడగానే చెప్పేస్తారు.

ఇదే దృశ్యాన్ని కెమెరా ముందు పెడితే? మనుషుల్ని, వాళ్ల చుట్టూ ఉన్న పరిసరాల్ని అర్థం చేసుకుంటామంటున్న కొత్త ఏఐ మోడళ్లకు ఈ పావుగంట ఎంతవరకు అర్థమవుతుంది? ఉద్యోగాల వేటలో ఉన్న మీరు పట్టించుకోవాల్సిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

మీ ప్రాజెక్టుకు విలువ ఎందుకు తగ్గింది?

మొన్నమొన్నటి దాకా కంప్యూటర్ విజన్‌లో ఒక్కో పనికి ఒక్కో మోడల్ ఉండేది. ముఖం గుర్తుపట్టడానికి ఒకటి, హెల్మెట్ ఉందో లేదో చూడటానికి ఇంకొకటి, నంబర్ ప్లేటు చదవడానికి మరొకటి. ప్రతిదానికీ వేలకొద్దీ ఫోటోలు తెచ్చి, మనిషి కూర్చుని గుర్తులు పెట్టాల్సి వచ్చేది. అందుకే ఫైనలియర్‌లో ‘ఫేస్ అటెండెన్స్’ చేశామంటే ఇంటర్వ్యూలో ఓ రెండు ప్రశ్నలైనా అడిగేవాళ్లు.

ఇప్పుడు లెక్క మారింది. 2023లో మెటా విడుదల చేసిన ‘సెగ్మెంట్ ఎనీథింగ్’ ఫోటోలో మీరు చూపించిన ఏ వస్తువునైనా అంచులతో సహా విడదీసి ఇస్తుంది. కోటీ పది లక్షల ఫోటోలు, వంద కోట్లకు పైగా గుర్తించిన భాగాలతో దాన్ని తయారుచేశారు. అదే సంస్థ 2024లో తెచ్చిన ‘సేపియన్స్’ మోడళ్లు ప్రత్యేకంగా మనుషుల కోసమే. 30 కోట్ల మనుషుల ఫోటోలతో శిక్షణ ఇచ్చి, నాలుగు పనులకు సిద్ధం చేశారు: శరీర భంగిమ పట్టుకోవడం, చేయి, కాలు, ముఖం విడదీయడం, కెమెరా నుంచి దూరం అంచనా వేయడం, శరీర ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పడం. దీని తర్వాతి మెట్టు ‘ఎంబాడీడ్ ఏఐ’. అంటే రోబో, డ్రైవర్ లేని బండి లాంటి శరీరమున్న యంత్రం చుట్టూ చూసి, అర్థం చేసుకుని, కదలడం.

కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్ తెచ్చి, పేరు మార్చి, ‘మాస్క్ డిటెక్షన్ చేశాను’ అంటే ఇప్పుడు ఎవరూ తలెత్తి చూడరు. ఆ పనిని రెడీమేడ్ మోడల్ నాలుగు లైన్లలో చేసేస్తుంది. మరి మీకు మిగిలిందేంటి?

జవాబు హైదరాబాద్‌లోనే ఉంది

అప్పట్లో రోడ్లను అర్థం చేసుకునే మోడళ్లకు ‘సిటీస్కేప్స్’ అనే డేటా ప్రామాణికంగా ఉండేది. 50 నగరాలు, ప్రధానంగా జర్మనీవి. అక్కడ లైన్లు చక్కగా ఉంటాయి, ఎవరి దారిలో వాళ్లు వెళ్తారు. దాంతో నేర్చుకున్న మోడల్‌కు మన రోడ్డు కొత్త లోకం. ఈ లోటు గమనించిన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో బండికి కెమెరా బిగించి తిరిగి ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ తయారుచేశారు. 182 ప్రయాణాల నుంచి 10,000 ఫోటోలు, 34 రకాల గుర్తులు.

ఆ గుర్తుల్లో ఆటోరిక్షాకు సొంత స్థానం ఉంది. ఇంకోటి గమనించండి. తారు రోడ్డు పక్కన, అవసరమైతే బండి దించగలిగే మట్టి అంచుకు కూడా విడిగా పేరు పెట్టారు. మనకు అది అందరికీ తెలిసిన సంగతే. ఎదురుగా లారీ వస్తే బండి ఎక్కడికి దించాలో చిన్నపిల్లాడూ చెప్తాడు. కానీ ఆ సంగతిని ఒకరు గమనించి, పేరు పెట్టి, డేటాలోకి ఎక్కించే దాకా కంప్యూటర్‌కు తెలియలేదు. ‘అందరికీ తెలిసిందే కదా’ అని మనం వదిలేసేదే అక్కడ పరిశోధన అయ్యింది.

మీకు మిగిలింది అదే. మోడల్ తయారుచేయడానికి కోట్ల రూపాయల జీపీయూలు కావాలి, అవి మీ దగ్గర లేవు. కానీ ఆ మోడల్ ఎక్కడ తప్పుతుందో కనిపెట్టడానికి మన ఊరు కావాలి. అది మీ దగ్గరుంది.

తప్పు ఎవరి మీద పడుతుంది?

ఇది ఉద్యోగం ముచ్చటే కాదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించే హాజరును కేంద్రం తప్పనిసరి చేసింది. మీ ఇంట్లో అమ్మో, పెద్దమ్మో ఆ ఫోటోల్లో నిలబడే ఉంటారు. రేపు ఇలాంటి ఫోటోలో మనుషుల్ని లెక్కపెట్టే పని, గుర్తుపట్టే పని ఒక విజన్ మోడల్‌కు ఇచ్చారనుకోండి. ఎండకు కొంగు ముఖం మీదికి లాక్కున్న మనిషిని, ముందున్న వాళ్ల వెనక సగం కనిపించే మనిషిని అది వదిలేస్తే? ఆఫీసులో ‘నూటికి తొంభైఎనిమిది కరెక్ట్’ అని మురిసిపోతారు. మిగిలిన ఇద్దరికి మాత్రం ఆ రోజు కూలి పోతుంది. ఆ ఇద్దరెవరో అడిగే ఇంజినీరు ఆ గదిలో ఉండాలి. ఎండలో పని తెలిసిన ఇంటి నుంచి వచ్చిన మీరు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ఇంకో కోణం కూడా ఉంది. రోబోలకు పని నేర్పాలంటే మనుషులు పనిచేసే వీడియోలు కావాలి. మనిషి కంటి కోణం నుంచి రోజువారీ పనులను రికార్డు చేసిన ‘ఈగో4డీ’ ప్రాజెక్టులో 9 దేశాల నుంచి 3,600 గంటలకు పైగా వీడియో సేకరించారు. మన దేశం నుంచి అందులో ఉన్నది ట్రిపుల్ ఐటీ హైదరాబాదే. పరిశోధన సంస్థలు అనుమతి పత్రాలు తీసుకుని చేసిన పని అది. ఇప్పుడది వ్యాపారమైంది. తమిళనాడులోని కరూర్‌లో కుర్రాళ్లు తలకు కెమెరా కట్టుకుని టవళ్లు మడతపెడుతూ రోబోల కోసం రికార్డు చేస్తున్నారని 2025లో వార్తలొచ్చాయి. రేపు ఈ పని మన జిల్లాకూ రావొచ్చు. వస్తే వద్దనకండి, కానీ సంతకం పెట్టేముందు అడగండి: వీడియో ఎవరికి పోతుంది? ఎన్నాళ్లు ఉంచుకుంటారు? వెనకాల కనిపించే ఇంట్లోవాళ్ల సంగతేంటి? వ్యక్తిగత డేటాకు సమ్మతి కావాలని 2023 చట్టం చెప్తోంది. అది కాగితం మీదే ఉండిపోకూడదు.

ఈ నెలలో ఏం చేయాలి?

ముందుగా ఒక హెచ్చరిక. ‘మూడు నెలల్లో ఏఐ ఇంజినీర్, జాబ్ గ్యారంటీ’ బోర్డు చూసి ఇంట్లోవాళ్లను అప్పు చేయించకండి. కింద చెప్పినదానికి ఫీజు అక్కర్లేదు.

ఒకటి, మీ ఊరి నుంచి ఒకే విషయం ఎంచుకోండి. రోడ్డు మీద వడ్లు, ఓవర్‌లోడ్ ఆటోలు, సాయంత్రం మసక వెలుతురులో పశువులు, ఏదైనా సరే. 200 ఫోటోలు తీయండి. మనుషుల ముఖాలు పడితే అడిగి తీయండి, లేదా మసకబార్చండి.

రెండు, ఉచితంగా దొరికే ఒక ఓపెన్ మోడల్‌ను గూగుల్ కోలాబ్‌లో ఆ ఫోటోల మీద నడపండి. దీనికి పైథాన్, కొంచెం పైటార్చ్ చాలు.

మూడు, ఏది కరెక్టో మీరే గుర్తులు పెట్టి, మోడల్ జవాబుతో పోల్చండి. ఎన్ని వదిలేసింది, లేనివాటిని ఎన్ని ఉన్నాయంది, ఈ రెండూ విడివిడిగా లెక్కగట్టండి. పొద్దున ఎన్ని తప్పులు, సాయంత్రం ఎన్ని? దగ్గరివెన్ని, దూరానివెన్ని?

నాలుగు, రెండు పేజీల్లో రాయండి. ఎందుకు తప్పిందనుకుంటున్నారో, ఏం చేస్తే సరిపోతుందో చెప్పండి.

ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అన్నప్పుడు, ‘సార్, ఈ మోడల్ ఆరబోసిన వడ్లను ఖాళీ రోడ్డు అనుకుంటోంది, ఇవిగో తప్పులు, ఇదీ నా లెక్క’ అని మొదలుపెట్టి చూడండి. ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదు. సొంతంగా చేసిన పని గురించి చెప్పేటప్పుడు మాట దానంతటదే వస్తుంది.

‘ఇదంతా బాగానే ఉంది, ముందు జీతం రావాలి కదా’ అంటారా? నిజమే. డేటా లేబులింగ్ ఉద్యోగం దొరికితే చేరండి, అందులో చిన్నతనం లేదు. కాకపోతే మామూలు గీతలు గీసే పనిని మోడళ్లే చేసేస్తున్నాయి కాబట్టి అక్కడే ఆగిపోవద్దు. క్వాలిటీ చెక్, టెస్టింగ్ వైపు జరగండి. ఏ ఫోటో దగ్గర అందరూ తికమకపడుతున్నారో రోజూ ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత ఆ నోట్‌బుక్కే మీ ప్రాజెక్టు అవుతుంది.

ఈ ఆదివారం ఊరెళ్తున్నారా? బస్సు దిగాక ఫోన్ జేబులో పెట్టకండి. మీరు రోజూ చూసి వదిలేసే రోడ్డును ఒకసారి తెలియనివాళ్ల కళ్లతో చూడండి. మొదటి ఫోటో అక్కడే తీయండి.