పక్షవాతం: డిశ్చార్జ్ అయ్యాకే అసలు గండం.. ఏలూరు, కొల్లేరు పల్లెల్లో మళ్లీ మళ్లీ ఆస్పత్రి ఎందుకు?

పక్షవాతం వచ్చింది. టైమ్‌కి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. కొన్ని రోజులకు డిశ్చార్జ్ చేశారు. ఇంట్లో వాళ్లంతా 'హమ్మయ్య' అనుకున్నారు. కానీ నెల తిరక్కుండానే మళ్లీ 108కి ఫోన్! ఇది చాలా కుటుంబాలు చూసిందే. అయితే రెండోసారి ఆస్పత్రికి వెళ్లేది ప్రతిసారీ మరో స్ట్రోక్ వల్లే కాదు. న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, వీపు మీద పుండ్లు, జారిపడి తుంటి ఎముక విరగడం.. వీటిలో చాలావరకు ఇంటి దగ్గరే ఆపొచ్చు. మరి ఎందుకు ఆగడం లేదు?

మాత్ర ఆపితే ముప్పే

మొదటి కారణం మందులు మానేయడం. 'బీపీ నార్మల్‌కి వచ్చేసింది కదా' అని మాత్ర ఆపేస్తారు. నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లే అన్న సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. కొందరు నాటుమందు, పథ్యం మొదలుపెట్టి ఇంగ్లీషు మందులు పక్కన పెడతారు. పావురం రక్తం రాస్తే చెయ్యి కదులుతుందన్న నమ్మకం ఇంకా పోలేదు. దాని వల్ల ఉపయోగం లేదు, ఈలోగా విలువైన రోజులు పోతాయి.

ఇంకో పొరపాటు, పక్కింటాయన చీటీ చూసి అవే మాత్రలు కొనుక్కోవడం. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే స్ట్రోక్ వేరు, రక్తనాళం చిట్లి వచ్చేది వేరు. ఒకరికి మేలు చేసే రక్తం పల్చబరిచే మాత్ర మరొకరికి ప్రమాదం కావచ్చు.

ముద్ద దగ్గరా జాగ్రత్తే

స్ట్రోక్ తర్వాత చాలామందికి మింగడం కష్టమవుతుంది. పడుకోబెట్టి గంజో, నీళ్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెట్టాలి. తింటుంటే దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. మంచం మీదే ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మూత్రం గొట్టం అవసరానికి మించి ఉంచకూడదు. మాట పడిపోయిన మనిషి తన నొప్పిని చెప్పుకోలేరు. జ్వరం వచ్చినా, మత్తుగా పడుకున్నా ఇంట్లో వాళ్లే కనిపెట్టాలి.

చెప్పడానికి తేలికే. కానీ కొల్లేరు లంకల్లో ఇంటిల్లిపాదీ చేపల చెరువు మీద కూలికి వెళ్తే ఆ పగలంతా తిప్పే మనిషి ఎవరు? కూర లేని పూట ఎండుచేపలు, ఊరగాయతో గడిచే ఇంట్లో ఉప్పు తగ్గేదెలా? డబ్ల్యూహెచ్ఓ లెక్క ప్రకారం రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదు.

ఊరు ఒక జిల్లా.. ఆస్పత్రి ఒక జిల్లా

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు చేరినప్పుడు లంక గ్రామాలను నీళ్లు చుట్టుముట్టాయి. అలాంటి రోజుల్లో బీపీ మాత్రల పట్టీ అయిపోతే తెచ్చిపెట్టడమే గగనం.

తాడేపల్లిగూడెంలో సమస్య వేరు. మెడికల్ షాపు వీధి చివరే ఉంటుంది, కానీ పాత చీటీతోనే నెలల తరబడి మందులు కొంటుంటే బీపీ, షుగర్ అదుపులో ఉన్నాయో లేదో చూసేవాళ్లుండరు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన తర్వాత గూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది, ఏలూరు వేరే జిల్లా అయింది. గూడెం పేషెంట్ ఏలూరులో డిశ్చార్జ్ అయితే, ఆ కబురు అందాల్సిన సొంతూరి పీహెచ్‌సీ ఉండేది పక్క జిల్లాలో!

డబ్బు ఆ చివర, ఈ చివర

ప్రభుత్వ సాయం లేదని కాదు. వెయ్యి రూపాయలు దాటిన వైద్యాన్ని ఆరోగ్యశ్రీ కిందికి తెచ్చే పైలట్ ప్రాజెక్టు 2020 జనవరి 3న మొదలైంది ఏలూరులోనే. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచానికే పరిమితమైన వారికి నెలకు రూ.15 వేల పెన్షన్ ఇస్తున్నారు. అంటే ఆస్పత్రిలో ఉన్నప్పుడు సాయం ఉంది, పూర్తిగా మంచాన పడ్డాకా ఉంది. మంచాన పడకుండా కాపాడాల్సిన ఆ మధ్య నెలల బాధ్యత మాత్రం కుటుంబం మీదే పడుతోంది.

ఆ బరువు కుటుంబం ఒక్కటే మోయగలదా? మన దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో చేసిన 'అటెండ్' పరిశోధన ఇదే చూసింది. కుటుంబ సభ్యులకే ఫిజియోథెరపీ నేర్పించి ఇంటికి పంపారు. 2017లో వచ్చిన ఫలితం: మామూలు వైద్యం కంటే అదనపు మేలేమీ కనిపించలేదు. ఇంకో పరిశోధనలో 31 కేంద్రాల్లో 4 వేల మందికి పైగా పేషెంట్లను చేర్చి, అందులో ఒక వర్గానికి వీడియోలు, మెసేజ్‌లు పంపారు. వాళ్లలో మందులు సరిగా వేసుకునేవాళ్లు పెరిగారు, సిగరెట్, మందు మానేసినవాళ్లూ పెరిగారు. కానీ ఏడాదిలో మళ్లీ స్ట్రోక్, గుండెపోటు, మరణాలు మాత్రం తగ్గలేదు. ఫోన్‌లో వీడియో చూపిస్తే సరిపోదు, గుమ్మం దాకా ఒక మనిషి రావాలి అనుకోవడానికి ఇది చాలదా?

ఆ మనిషి ఎవరు?

కొత్తగా ఎవర్నీ వెతకక్కర్లేదు. ఊళ్లో ఆశా కార్యకర్త ఉన్నారు, ఏఎన్ఎం ఉన్నారు. 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకంలో నెలకు రెండుసార్లు 104 వాహనంలో డాక్టర్ ఊరికి రావాలన్నది లక్ష్యం. లేనిదల్లా, డిశ్చార్జ్ రోజునే ఆస్పత్రి నుంచి వాళ్లకు వెళ్లాల్సిన ఒక్క ఫోన్ కాల్. ఏ రకం స్ట్రోక్, ఏ మాత్రలు, మింగగలరా లేదా, బీపీ మళ్లీ ఎప్పుడు చూడాలి.. ఈ నాలుగు ముక్కలు చేరితే మొదటి వారంలోనే ఎవరో ఒకరు తలుపు తట్టగలరు.

అప్పటిదాకా కుటుంబాలు చేయాల్సింది ఒకటుంది. డిశ్చార్జ్ కాగితం తీసుకునేటప్పుడే ఆ నాలుగు ప్రశ్నలూ డాక్టర్‌ని అడగండి. ఆ కాగితాన్ని బీరువాలో దాచకుండా ఆశా కార్యకర్తకు చూపించండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మాత్రం ఆగొద్దు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలే.