వసంతంలో క్రోధం ఎక్కడిది?

చైనా వైద్యం వసంత ఋతువును యకృత్తుతో, క్రోధంతో ముడిపెడుతుంది. చరకసంహిత సూత్రస్థానం 6వ అధ్యాయం మరో విధంగా వివరిస్తుంది: హేమంతంలో సంచితమైన కఫం వసంత సూర్యకిరణాలకు ద్రవించి జఠరాగ్నిని మందగింపజేస్తుంది. మార్గాలు వేరైనా, శీతకాలంలో అణగి ఉన్నది వసంతంలో పైకి వస్తుందన్న భావం రెండింటా ఉంది.

మా నౌపడ ఉప్పుమళ్లను గమనించండి. ఎండ ఉప్పును సృష్టించదు. నీటిలో దాగినదాన్ని వెల్లడిస్తుంది. అలాగే ఈ ఋతువులో మనలో ఎగసే కోపానికి ఎదుటివారు ఎండ మాత్రమే, ఉప్పు మనదే. కనుక దాన్ని ఇతరులపై కుమ్మరించడం గానీ, లేదని నటించడం గానీ సాధకునికి తగదు. ఉగాదినాడు వేపపువ్వు చేదును ప్రసాదంగా స్వీకరిస్తున్నాం కదా! ఋతువులలో వసంతాన్ని తానేనని విభూతియోగంలో పలికిన శ్రీకృష్ణునికే ఆ క్రోధాన్నీ నివేదిద్దాం.