ఫిల్మ్ పాడైతే కుర్రాడి జీతం కోస్తారా?

తిరుత్తణి చుట్టుపక్కల కార్ డెకరేషన్ షాపుల్లో అద్దాలకు ఫిల్మ్ వేయడం నేర్చుకుంటున్న మన యవనస్థులను చూడండి. సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పట్టీతో నీళ్లు తోసేయాలి. వెనక అద్దం వంపు దగ్గర హీట్ గన్ పట్టాలి. వేడి ఎక్కువైతే ముడత, తక్కువైతే బుడగ, దుమ్ము పడితే మొత్తం పీకాల్సిందే. పాడుచేయకుండా ఈ పని ఎవరికి వచ్చింది? అయినా ఆ ఫిల్మ్ ఖరీదు కుర్రాడి జీతంలో కోస్తారు. "పని నేర్పుతున్నాంగా" అంటారు. ఇది నేర్పడం కాదు, దోపిడీ. ఆదివారం ఆరాధనకు వచ్చే ఓనర్లు యాకోబు 5:4 చదవలేదా?

కారున్న విశ్వాసులకూ ఒక మాట. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌ను నిషేధించింది. నిబంధనలు మారాక, పరిమితిలోపు ఫిల్మ్ వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. ముందు, వెనక అద్దాల్లో కనీసం 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుగు రావాలి. "ఇంకా నల్లగా వెయ్యి తమ్ముడూ" అనేవారిలో సంఘ పెద్దలూ ఉన్నారు (పాస్టర్లు కూడా!). కాదంటే బేరం పోయిందని తిట్లు తినేది ఆ కుర్రాడే.

నేర్చుకునే నెలల్లోనూ జీతం ఇవ్వాలి. పాడైన ఫిల్మ్ షాపు ఖర్చులో రాయాలి. యవనస్థుల కూటాలు ఈ ఆదివారమే ఓనర్లను అడగాలి.